ఎడమకి ఆరు, కుడికి తొమ్మిది

మలక్‌పేటలో నల్గొండ క్రాస్‌రోడ్స్ దగ్గర మాదొక చిన్న చెప్పుల షాపు. వెడల్పు 10 అడుగులు, పైకప్పు దాకా డబ్బాలే. బాపు పెట్టిన షాపులో 19 ఏళ్ళుగా నేను కూర్చుంటున్నా. మనిషి మెట్టెక్కేలోపే పాదం చూసి నంబర్ చెప్పేస్తాను, తప్పడం చాలా తక్కువ. దాని గురించి నాకు కాస్త పొగరు కూడా ఉండేది. అది దిగిన రోజు గురించి రాద్దామని చాన్నాళ్ళుగా అనుకుంటున్నా.

పోయిన వానాకాలం, మధ్యాహ్నం మూడు గంటలు. గిరాకీ లేని టైం. ఒకావిడ మెట్టు ఎక్కకుండా బయటే నిలబడి, "తమ్మీ, ఎడమకాలికి లేడీస్ ఆరు, కుడికాలికి జెంట్స్ తొమ్మిది, ఒకటే రంగుల ఉన్నయా?" అని అడిగింది. షాపులో పనిచేసే పిల్లాడు ఫక్కున నవ్వాడు. నేను కిందికి చూశాను. కుచ్చిళ్ళ కింద ఎడమకాలు మామూలుగానే ఉంది. కుడికాలు మోకాలి కింద నుంచి పాదం దాకా ఒకటే లావు, చీలమండ ఎక్కడుందో తెలియడం లేదు. పాదం మీద చర్మం మడతపడి బాత్‌రూం స్లిప్పర్ మీదకి ఒరిగి ఉంది. స్లిప్పర్‌కి పట్టీ లేదు. కోసేసి, దాని బదులు పాత చున్నీ పీలిక కట్టుకుంది.

పిల్లాణ్ణి చాయ్ తెమ్మని పంపేశాను. వాడి మీద కోపం వచ్చి కాదు. నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది.

నాయనమ్మకీ బోదకాలే. మా ఊరు నల్గొండ వైపు, మూసీ కాలువ కింద. ఇక్కడ మేం వదిలిన నీళ్ళే అక్కడికి పోయి వరి పండిస్తాయి. చెప్పులమ్మే కొడుకుని కన్న ఆ మనిషి జీవితంలో చెప్పు తొడగలేదు. షాపు తెరిచిన రోజు బాపు ఆమెను తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, "ఏ జత కావాల్నో చూడే అమ్మా" అంటే, "నా కాలికి చెప్పు పుట్టలే బిడ్డా" అని కాలు చీర లోపలికి లాక్కుందట. ఆమె పెళ్ళికి పెట్టిన వెండి కడియాల్లో ఒకటి, కాలు లావెక్కి దిగకపోతే, ఔసలాయన వచ్చి కత్తిరించాడు. ఆమె పోయాక మా మేనత్తకు ఒంటి కడియమే మిగిలింది.

నాట్ల కాలం వస్తే ఆమెకు చలిజ్వరం తప్పేది కాదు. గజ్జల్లో బిళ్ళలు కట్టేవి, కాలు ఎర్రగా కాలిపోయేది, గొంగడి కప్పుకుని నాలుగు రోజులు మూలిగేది. జ్వరం పోయేది కానీ కాలు మాత్రం ముందున్నట్టు అయ్యేది కాదు. ప్రతి జ్వరానికీ ఇంత పెరిగేది. నీళ్ళు పడలేదు అనేవాళ్ళు ఊళ్ళో. మా జిల్లాలో ఏ రోగానికైనా ముందు నీళ్ళనే ముద్దాయిని చేస్తారు. ఫ్లోరైడ్‌తో పడ్డ బాధ అలాంటిది మరి. ఇంట్లో పిల్లలం మాత్రం ఆ కాలిని ముట్టుకోవడానికి భయపడేవాళ్ళం. నేనైతే ఆమె మంచానికి కుడివైపు పడుకునేవాణ్ణి కాదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ అక్కను లోపలికి పిలిచి కూర్చోమన్నాను. తొమ్మిది తీశాను, పది తీశాను. పొడవు సరిపోతోంది, కానీ పాదం ఎత్తు మీద పట్టీ మూసుకోవడం లేదు. నా నంబర్ల విద్య అక్కడితో ఆగిపోయింది. ఆమె మాత్రం చాలా మామూలుగా, "ఏదో ఒకటియ్యి తమ్మీ, పట్టీ నేనే కోసుకుంట. రెండు జతల పైసలు తీస్కో. మిగిలినవి నువ్వే ఉంచుకో, అటువంటి కాలు నాకు ఇంకోటి లేదు" అంది.

మా షాపు మెట్ల కింద చెప్పులు కుట్టే మోచీ తాత ఒకాయన కూర్చుంటాడు. ఆయన్ని పిలిచి చూపిస్తే, కాలు చూసి మొహం చిట్లించలేదు. ఒక్క మాటే అన్నాడు: "ఇప్పుడు కొలిస్తే మాపటికి పట్టది. మాపటికి రమ్మను." వాపు కాలు పొద్దునొక తీరు, దినమంతా నిలబడ్డాక ఒక తీరు. ఇన్నేళ్ళు చెప్పులమ్మిన నాకు ఈ ముక్క తెలియదు.

ఆమె దగ్గర్లోనే ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. ఆరింటికి మళ్ళీ వచ్చింది. తాత డబ్బా అట్ట ఒకటి చింపి నేల మీద పరిచి, దాని మీద కాలు పెట్టించి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీత గీశాడు. పాదం ఎత్తుకి ఒక దారం చుట్టి ముడేశాడు. ఆ పని అయ్యేలోపు నేను నోరు ఆపుకోలేక అడిగాను, "అక్కా, దోమ కుడితే ఇట్లయితదంటరు గదా, ఒక్కసారికే అయితదా?" అని.

"ఒక్క దోమకే అయితే, హైదరాబాద్‌ల నీ చెప్పులు ఎవ్వరికీ పట్టకపోవు" అంది.

ఆ రాత్రి షాపు మూశాక ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. తర్వాత బస్తీ దవాఖానలో డాక్టరమ్మను అడిగాను, ఊళ్ళో ఏఎన్ఎం అమ్మను అడిగాను. అన్నీ కలిపితే నాకు అర్థమైంది ఇది.

బోదకాలు ఒక పురుగు పని. పేరు ఉకరేరియా బాంక్రాఫ్టై. మోచీ తాత సూదిలో ఎక్కించే దారం కంటే సన్నగా, తెల్లగా ఉంటుంది. ఆడపురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, మగది అందులో సగం. ఇవి రక్తంలో కాపురం పెట్టవు. రక్తనాళాల నుంచి బయటికి ఊరే నీటిని పోగుచేసి మళ్ళీ రక్తంలో కలిపే సన్నటి కాలువలు మన ఒంట్లో ఉంటాయి. వాటిని లింఫ్ నాళాలంటారు. గజ్జల్లో కట్టే బిళ్ళలు ఆ దారిలో ఉండే చెకింగ్ పాయింట్లు. పురుగులు ఈ కాలువల్లో చుట్టచుట్టుకుని ఐదారేళ్ళ పైనే బతుకుతాయి. అవి ఉన్నచోట కాలువ సాగిపోతుంది, లోపలి కవాటాలు పనిచేయవు. నీరు పైకి ఎక్కలేక కిందే నిలుస్తుంది. నాలా పూడిపోతే బస్తీలో ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆడపురుగు లక్షల్లో పిల్లల్ని కంటుంది. కంటికి కనబడని ఆ పిల్ల పురుగులు రక్తంలోకి వస్తాయి కానీ, మనిషి ఒంట్లో అవి పెద్దవి కాలేవు. ఖచ్చితంగా దోమ కడుపులోకి పోవాల్సిందే. అక్కడ పది పన్నెండు రోజులు పెరిగి, దోమ మూతి దాకా వస్తాయి. దోమ వాటిని సూది మందులా లోపలికి ఎక్కించదు. కుట్టేటప్పుడు అవి చర్మం మీద పడి, కుట్టిన కంతలోంచి పాక్కుంటూ లోపలికి పోవాలి. చాలావరకు దారిలోనే చస్తాయి. పైగా మలేరియా క్రిమిలాగా దోమ ఒంట్లో ఇవి ఒకటికి వంద కావు, ఎన్ని పోతే మహా అయితే అన్నే బయటికొస్తాయి. అందుకే ఒకటీ రెండు కాట్లతో ఏమీ కాదు. నెలలు, ఏళ్ళ తరబడి వందలు వేల కాట్లు పడాలి. అక్క చెప్పిన జవాబులో ఇదంతా ఉంది, నేను రెండు వారాలు చదివి తెలుసుకున్నాను.

ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. చాలామందికి ఈ పురుగు చిన్నతనంలోనే పడుతుంది, కాలు మాత్రం పెద్దయ్యాక ఎప్పుడో వాస్తుంది. అంటే నాయనమ్మ కాలి కథ ఆమె లంగా ఓణీ రోజుల కంటే ముందే మొదలై ఉండొచ్చు. కాలు బాగా వాచిపోయేసరికి ఒంట్లో పురుగులు చచ్చిపోయి ఉండటమూ, రక్తంలో పిల్ల పురుగులు కనబడకపోవడమూ మామూలే. చూడ్డానికి భయమేసే ఆ కాలి నుంచి ఎవరికీ ఏమీ అంటదు. ముట్టుకున్నా, పక్కన కూర్చున్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. అంటించే మనిషి వేరే ఉంటాడు: కాళ్ళు రెండూ శుభ్రంగా ఉండి, ఏ బాధా లేక, తన రక్తంలో పిల్ల పురుగులున్నాయని తెలియకుండా రోజూ దోమలకు అన్నం పెడుతున్న మనిషి. బస్సులో అక్క పక్క సీటు ఖాళీగా వదిలేసి నిలబడేవాళ్ళలోనే అలాంటివాడు ఒకడు ఉండొచ్చు.

నీళ్ళ సంగతికి వస్తే, మా ఊరివాళ్ళను చూసి నవ్వడానికి లేదు. ఈ పురుగు దోమలోకి పోతుందని మొదట కనిపెట్టిన పాట్రిక్ మాన్సన్ కూడా ఆ నీళ్ళ దగ్గరే పొరపాటుపడ్డాడు. 1877లో ఆయన చైనాలో అమోయ్ అనే ఊళ్ళో డాక్టరు. తన తోటమాలి రక్తంలో ఈ పురుగులుంటే, దోమలతో అతన్ని కుట్టించి, ఆ దోమల్ని కోసి చూశాడు. లోపల పురుగు పెరుగుతోంది. ఒక రోగాన్ని పురుగూ పుట్రా మోస్తుందని మనుషులకు తెలిసిన మొదటి సందర్భం అదేనంటారు. కానీ ఆ దోమ నీళ్ళలో పడి చస్తే, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు రోగం వస్తుందని ఆయన అనుకున్నాడు. దోమ కాటుతోనే వస్తుందని తేలడానికి 1900 దాకా పట్టింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ పెద్ద డాక్టరూ మా నాయనమ్మా ఒకే మాట మీద ఉన్నట్టు లెక్క.

ఆ మాన్సన్ శిష్యుడే మన బేగంపేట రొనాల్డ్ రాస్. నెలకోసారి సరుకు కోసం సికింద్రాబాద్ వెళ్తూ పాత విమానాశ్రయం దారిలో ఆ పేరున్న బోర్డు చూసేవాణ్ణి, ఎవరో దొర అనుకునేవాణ్ణి. దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన చూసింది ఇక్కడే, 1897 ఆగస్టు 20న. 1902లో నోబెల్ వచ్చింది. నాకు మాత్రం దొరకంటే ఇంకో మనిషి ఎక్కువ నచ్చాడు. హుస్సేన్ ఖాన్ అని మలేరియా రోగి. దోమలతో కుట్టించుకున్నందుకు రాస్ ఆయనకు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆ రేటున పదహారు దోమలు కుడితే రూపాయి. మలక్‌పేటలో సాయంత్రం ఆరున్నరకు మా షాపు మెట్టు మీద పావుగంట కూర్చుంటే రూపాయి గ్యారంటీ.

కానీ ఆ దోమా ఈ దోమా ఒకటి కాదు. మలేరియా దోమ అనాఫిలిస్. డెంగీది ఈడిస్, మంచినీళ్ళలో పుట్టి పగలు కుట్టే చారల దోమ. బోదకాలు మోసేది క్యూలెక్స్. నాలాలు, సెప్టిక్ ట్యాంకులు, మురుగు గుంటలు దాని పుట్టిళ్ళు. చీకటి పడ్డాక చెవి దగ్గర పాట పాడేది ఎక్కువగా ఇదే. పొగ బండి వచ్చి పోతే మనకు తృప్తిగా ఉంటుంది కానీ, ట్యాంకు లోపలున్న దోమ పిల్లలకు పొగ తగలదు. మా బిల్డింగ్ సెప్టిక్ ట్యాంకు పైపు మూతికి నేను స్పోర్ట్స్ షూ కుట్టే నెట్ గుడ్డ ముక్క కట్టాను. ఖర్చు సున్నా. వాచ్‌మన్ దాన్ని రెండుసార్లు చెత్త అనుకుని పీకేశాడు, మళ్ళీ కట్టాను.

ఇదంతా చదివాక నాకే టెన్షన్ పట్టుకుంది. పదహారేళ్ళు వచ్చేదాకా ఆ ఊళ్ళోనే పెరిగానాయె. దసరాకి ఊరెళ్ళినప్పుడు ఏఎన్ఎం అమ్మను అడిగితే, పరీక్ష చేస్తాం, రాత్రి పది దాటాక మేల్కొని ఉండు అంది. నేను జోక్ అనుకున్నాను. ఈ పిల్ల పురుగులు పగలంతా ఊపిరితిత్తుల్లోని రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పది నుంచి రెండింటి మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. ఎందుకంటే క్యూలెక్స్ కుట్టేది రాత్రిపూట. గిరాకీ ఎప్పుడొస్తుందో తెలిసిన వ్యాపారిలాగా అన్నమాట. పగలు తీసిన రక్తంలో ఏమీ లేదని వస్తే ఒరగబెట్టిందేమీ ఉండదు.

పదిన్నరకు టార్చిలైటు వేసుకుని ఇద్దరొచ్చారు. అరుగు మీద కూర్చోబెట్టి, వేలి చివర సూదితో పొడిచి, గాజు పలక మీద రక్తం తీసుకుని చుక్కను వెడల్పుగా రుద్దారు. నిమిషం పని. పలక మీద పెన్సిల్‌తో నంబర్ రాసి, ఆరడానికి పెట్టెలో పరిచారు. మా చిన్నాయన నిద్రలేచి, "అర్ధరాత్రి రక్తం తీసుకపోతున్నరు, మంత్రాలు గట్ల చేస్తున్నరా?" అని గొణిగాడు. నాకు ఏమీ లేదని తర్వాత చెప్పారు. ఇప్పుడు పెద్ద పురుగు ఆనవాళ్ళు పట్టే కార్డు టెస్టు కూడా వచ్చింది, దానికి పగలైనా ఫర్వాలేదట.

ఆ చిన్నాయనదే ఇంకో కథ ఉంది. అంతకుముందు ఊళ్ళో అందరికీ బోదకాలు గోలీలు పంచారు. పదిహేనేళ్ళు దాటినవాళ్ళకు డీఈసీ 100 మిల్లీగ్రాములవి మూడు, దాంతోపాటు నులిపురుగులకు ఇచ్చే ఆల్బెండజోల్ ఒకటి. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకు రెండు, రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకు ఒకటి, ఆల్బెండజోల్ మామూలే. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుపడ్డవాళ్ళకు ఇవ్వరు. ఏదో ఒకటి తిన్నాకే వేసుకోవాలి. ఆశా కార్యకర్త ఎదురుగా నిలబడి మింగమంటే చిన్నాయన మింగాడు. ఆ రాత్రి ఒళ్ళు వెచ్చబడి తలనొప్పి వచ్చింది. తెల్లారి ఆమె కనబడితే వాడకట్టంతా వినేలా తిట్టాడు. అసలు విషయం ఏమిటంటే, రక్తంలో పురుగులు లేనివాళ్ళకు ఆ గోలీలతో సాధారణంగా ఏమీ కాదు. ఉన్నవాళ్ళకు అవి చస్తుంటే జ్వరం తగులుతుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఆయన ఆమెకు చీర పెట్టాల్సింది పోయి తిట్టాడు.

మా అమ్మ ఇంకా తెలివిగలది. "అన్నం తిని వేసుకుంట పో బిడ్డా" అని చేతిలోకి తీసుకుని, బియ్యం డబ్బాలో దాచింది. నేను ఊరెళ్ళినప్పుడు బియ్యం తీస్తుంటే బయటపడ్డాయి.

"నాకేం రోగమున్నదని గోలీలు మింగాలె?" అంది.

ఆమె ప్రశ్న సబబే. నేనూ అదే అడిగేవాణ్ణి. రోగం ఉన్నవాళ్ళకి మందు ఇస్తారు కానీ ఊరందరికీ ఇస్తారా? ఇక్కడే ఉంది కీలకం. ఈ మందు పెద్ద పురుగును పూర్తిగా చంపలేకపోయినా రక్తంలో తిరిగే పిల్ల పురుగుల్ని ఊడ్చేస్తుంది. ఊళ్ళో అందరి రక్తమూ శుభ్రంగా ఉంటే దోమ కుట్టినా దానికి తీసుకెళ్ళడానికి ఏమీ దొరకదు. పెద్ద పురుగు ముసలిదై చచ్చేదాకా ఏడాదికోసారి అలా ఊడుస్తూ పోవాలి, అందుకే ఒక ఏడుతో సరిపోదు. దేశంలో ఫైలేరియా, అంటే బోదకాలు, నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది, ఊరందరికీ మందు అనే పద్ధతి 2004 నుంచి పెద్దెత్తున నడుస్తోంది, 2027కల్లా పోగొట్టాలన్నది లెక్క. మధ్యలో మా అమ్మలాంటి వాళ్ళు ఎన్ని బియ్యం డబ్బాల్లో ఎన్ని గోలీలు దాచారో ఆ దేవుడికే తెలియాలి.

అమ్మకు ఇదంతా చెబితే వినలేదు. ఆమె విన్నది ఒకే ఒక్క ముక్క. ఆ డీఈసీ కనిపెట్టిన బృందానికి పెద్ద తెలుగాయన. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధన విభాగం నడిపేవాడు. హెట్రజాన్ అన్న పేరుతో 1947లో ఆ మందు వెలుగులోకి వచ్చింది, మరుసటి ఏడే ఆయన పోయాడు. గోదావరి జిల్లాల్లోనూ బోదకాలు ఎప్పట్నుంచో ఉన్నదే. ఊళ్ళో ఆ కాళ్ళు చూడకుండా పెరిగి ఉండడని నా ఊహ. "మనోడేనా?" అంది అమ్మ. మనోడే అన్నాను. ఆ పాత గోలీలు పారేయించి, తర్వాత వచ్చిన ఆశా అమ్మ ఎదురుగా మింగించాను. మందు గుణం కంటే మనోడన్న మాటే ఎక్కువ పనిచేసింది. ఏదైతేనేం.

మగవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. ఇదే పురుగు వాళ్ళకు వరిబీజం తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కాళ్ళూ చేతులూ వాచినవాళ్ళు 1.5 కోట్ల పైన ఉంటే, వరిబీజం ఉన్న మగవాళ్ళు 2.5 కోట్లు. చిన్న ఆపరేషన్‌తో బాగయ్యేదానికి పంచె మాటున ఏళ్ళకేళ్ళు దాచుకు తిరుగుతారు.

అక్క దగ్గరికి వస్తా. ఆమె చెప్పులకు తాత వారం తీసుకున్నాడు. అడుగున మెత్తటి షీటు రెండు వరసలు, మీద వెడల్పాటి వెల్క్రో పట్టీలు మూడు, వేళ్ళ మధ్య ఏదీ గుచ్చుకోకుండా ముందుభాగం మొత్తం తెరిచే. ఎడమదానికీ అదే డిజైన్, అదే రంగు. తీసుకోవడానికి వచ్చిన రోజు ఆమె తొందరపడలేదు. "ముందు కాలు కడుక్కుంట, నీళ్ళియ్యి" అంది. షాపు వెనక పంపు చూపించాను.

ఆమె కాలు కడుక్కునే తీరు చూశాక, నేను జన్మలో కాళ్ళు కడుక్కోలేదనిపించింది. సంచీలోంచి మామూలు ఒంటి సబ్బు తీసింది. చల్లనివే, వేడినీళ్ళు వద్దంది. మోకాలి దగ్గర మొదలుపెట్టి కిందికి, రుద్దకుండా, అరచేత్తో నురుగు చేసి పామింది. మడత మడతనూ వేలితో విప్పి లోపల కడిగింది. కాలివేళ్ళ మధ్యకు సన్నటి నూలుగుడ్డ పీలిక పోనిచ్చి అటూ ఇటూ లాగింది. సబ్బు జిగట పోయేదాకా నీళ్ళు పోసుకుంది. తర్వాత వేరే పొడిగుడ్డతో తుడవలేదు, అద్దింది. పసిపిల్లకు చేసినట్టు. చివర్లో నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య విడదీసి నాకు చూపించింది. తెల్లగా నాని చిన్న పగులు. "గిదే దొంగ దారి" అంది.

అక్కడ నా బుర్రకు ఎక్కింది. నాయనమ్మకు ప్రతి నాట్ల కాలంలోనూ వచ్చిన చలిజ్వరాలకు చాలావరకు కారణం పురుగు కాదు. కాలువలు దెబ్బతిన్న కాలికి మామూలు బ్యాక్టీరియాను ఎదుర్కొనే శక్తి ఉండదు. వేళ్ళ సందుల్లో పగులు దొరికితే చాలు, అవి లోపలికి పోయి జ్వరం తెస్తాయి, ఒక్కో జ్వరం కాలిని ఇంకాస్త గట్టిచేసి లావు చేసి పోతుంది. ఆమె ఉత్తకాళ్ళతో పొద్దంతా బురదలో నాట్లేసేది. సబ్బు, పొడిగుడ్డ, పగుళ్ళకు రాసే మలాం, కాలికి ఒక చెప్పు. ఆమె కాలు అంత దూరం పోకుండా ఆపడానికి కావలసినవి ఇవే. కొడుకు చెప్పుల షాపు పెట్టాడు కదా.

అక్క రోజూ తెల్లారుజామున నాలుగున్నరకే ఈ పని ముగించి హాస్టల్లో టిఫిన్‌కు పప్పు రుబ్బడానికి పోతుంది. మంచం కాళ్ళవైపు కోళ్ళ కింద రెండిటుకలు పెట్టుకుంది, రాత్రి కాలు ఎత్తున ఉండాలని. పొయ్యి ముందు నిలబడ్డప్పుడు మడమలు లేపి దించుతూ ఉంటుంది. ఇవన్నీ బస్తీ దవాఖానలో నర్సమ్మ నేర్పిందట. ఈ పద్ధతి మొదలుపెట్టాక ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చే జ్వరం ఒక్కసారికి తగ్గిందని చెప్పింది. కాలు మళ్ళీ మామూలు అవుతుందని ఆమెకు ఆశ లేదు, డాక్టరమ్మ కూడా అలాంటి మాట ఇవ్వలేదు. ఆసరా పింఛనులో బోదకాలు ఉన్నవాళ్ళను కూడా చేర్చారు, అప్లై చేశావా అంటే, "పనికి పోతున్న గదా, ఇస్తరా?" అని నన్నే అడిగింది. కాగితాల పని మీద మావాణ్ణి తోడు పంపించాను. ఆ రోజు నవ్విన పిల్లాణ్ణే.

తాత ఆమె కాలి గీతలున్న అట్టను పారేయలేదు. తన పెట్టెలో తోలు కోసే రంపీ కింద దాచాడు. సంక్రాంతి తర్వాత వెల్క్రో అరిగిందని ఆమె వస్తే, అదే అట్ట మీద అదే చోట మళ్ళీ కాలు పెట్టించాడు. సాయంత్రం ఆరింటికే. గీత గీసి, కళ్ళజోడు సర్దుకుని చూశాడు. మడమ వైపు కొత్త గీత పాత గీతకు లోపలగా పడింది, అరవేలు కూడా ఉండదేమో.

"పెన్సిల్ వంగినట్టున్నది, కాలు మల్ల పెట్టు బిడ్డా" అన్నాడు.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ గీశాడు. మళ్ళీ లోపలే పడింది. దారం చుట్టి చూస్తే పాత ముడి దగ్గర కాస్త వదులుంది. అక్క వంగి అట్టను చాలాసేపు చూసింది కానీ ఏమీ అనలేదు. తర్వాత, ఎప్పుడూ నలుపేనా, ఈసారి ఎర్రపట్టీ వెయ్యరాదా అని అడిగింది. తాత దగ్గర ఎర్ర రెక్సిన్ లేదు. రేపు పొద్దున్నే బేగంబజార్ పోయి తేవాలి.